బొంత వెనక మడతలు ఎందుకు పడతాయి?

మిషను మీద మొదటి బొంత కుట్టినవాళ్ళు ఎవరినడిగినా ఈ సంగతి చెబుతారు. పైనుంచి చూస్తే కుట్టు గీత గీసినట్టు ఉంటుంది. మురిసిపోయి తిరగేస్తారు. వెనక గుడ్డ అక్కడక్కడా మడతపడి, ఆ మడత మీదుగా కుట్టు దర్జాగా సాగిపోయి ఉంటుంది. నా మొదటి బొంత వెనక అలాంటివి పదకొండు లెక్కపెట్టాను. చూసినవాళ్ళంతా "ఇంకా చేయి తిరగాలమ్మా" అని ఊరుకున్నారు.

చేయి తిరగాలన్నది నిజమే. కాని రోజూ జాకెట్లు కుట్టే దర్జీ అయినా మొదటిసారి బొంత పట్టుకుంటే ఆయనకూ ఇవే మడతలు పడతాయి. కుట్టుమిషను ప్రధానంగా రెండు పలుచని గుడ్డల అంచులు కలపడానికి తయారైన యంత్రం. బొంతలో మనం చేసేది అంచులు కలపడం కాదు. మంచమంత వెడల్పున పరిచిన మూడు నాలుగు పొరలను నట్టనడుమ పట్టి, ఒకదానికొకటి జరగకుండా కుట్టాలి. మడతలు, తప్పిపోయే కుట్లు, కింద గూడు కట్టే దారం, విరిగే సూది, ఇవన్నీ వేరువేరు రోగాల్లా కనిపిస్తాయి గానీ చాలావరకు ఈ తేడా దగ్గరే మొదలవుతాయి.

ముందు చేతిలో ఉన్న సరుకు చూద్దాం. మామూలు నూలు చీర పొడవు అయిదున్నర మీటర్లు, పన్నా మీటరుకు కాస్త పైన. పొడవును మూడుగా మడిస్తే దాదాపు ఆరడుగుల పొడవు, నాలుగడుగులకు కొంచెం తక్కువ వెడల్పు, మూడు పొరలు. అంటే ఒక్క పాత చీరతో ఒక మనిషి కప్పుకునే బొంత అయిపోయింది. మన ఇళ్ళలో బొంతలు ఇలాగే పుట్టాయి. విదేశీ వీడియోల్లో చూపించే క్విల్టుకు పైన ముక్కలు అతికిన గుడ్డ, మధ్యలో దూది పరుపు, కింద అస్తరు ఉంటాయి. మన బొంతలో మధ్య పొర కూడా చీరే, పంచే. కొత్తవాళ్ళకు ఇది వరం. దూది పొర ఉబ్బుతుంది, జారుతుంది, పీచు రాలుస్తుంది. నాలుగుసార్లు ఉతికిన నూలు చీరలు ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి. కాబట్టి మొదటి బొంత పాత నూలు చీరలతోనే కుట్టమంటాను. పాలిస్టర్ చీర జోలికి మాత్రం పోవద్దు. అది పాములా జారుతుంది.

ఇక మిషను సంగతి. సూది కింద ఉన్న ఇనుప పలక మీద రెండు చీలికలు, వాటిలోంచి తొంగిచూసే రంపపు పళ్ళు కనిపిస్తాయి. దారం తీసేసి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ ఒక నిమిషం వాటినే చూడండి. పళ్ళు పైకి లేస్తాయి, వెనక్కి జరుగుతాయి, కిందికి దిగుతాయి, కనిపించకుండా ముందుకు వచ్చి మళ్ళీ లేస్తాయి. నాలుగు కదలికలు. ఈ ఏర్పాటుకు 1854లో అమెరికాలో అలెన్ విల్సన్ పేటెంటు తీసుకున్నాడు. గుడ్డ పై నుంచి అదిమిపట్టే పాదం, దాన్నే ఫుట్ అంటాం, ఐజాక్ సింగర్ 1851 మిషనులో ప్రధానమైన భాగం. యంత్రాలంటే అంత ఇష్టపడని గాంధీజీ సైతం 1924లో కుట్టుమిషనుకు మినహాయింపు ఇచ్చాడు. సింగర్ తన భార్య పడే కష్టం చూడలేక ప్రేమతో దాన్ని చేశాడని కూడా అన్నాడు. సింగర్ సంసారాల సంఖ్య తెలిసినవాళ్ళకు అక్కడ చిన్న నవ్వు వస్తుంది. అది వేరే కథ.

మన కథలో ముఖ్యమైనది ఏమిటంటే, పళ్ళు కింది గుడ్డనే తాకుతాయి. పై గుడ్డను తాకేది నున్నటి పాదం. అది లాగదు, ఆపుతుంది. కిందిది నడుస్తుంటే పైది కింది గుడ్డ పట్టు మీద ఆధారపడి వెంటవస్తుంది. రెండు పలుచని గుడ్డలైతే పళ్ళ పట్టు పైదాకా అందుతుంది, తేడా తెలియదు. నాలుగు పొరలు వేసేసరికి ఆ పట్టు దారిలో సడలిపోతుంది. కింది గుడ్డ ప్రతి కుట్టుకూ వెంట్రుకవాసి ఎక్కువ లోపలికి పోతుంది. వెంట్రుకవాసే కదా అనుకోవద్దు. 3 మిల్లీమీటర్ల కుట్టుతో ఆరడుగుల గీత వేస్తే 600 పైచిలుకు కుట్లు పడతాయి. కుట్టుకు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు తేడా వచ్చినా చివరికి 30 మిల్లీమీటర్లు, అంటే అంగుళం దాటిపోతుంది. ఆ అంగుళం ఎక్కడికో పోవాలి. పై గుడ్డలో అది పాదం ముందు అలలా లేచి కనిపిస్తుంది, మనం చేత్తో సర్దేస్తాం. కింద ఏం జరుగుతోందో కనబడదు. వెనక గుడ్డలో ఎక్కడైనా వదులుంటే పళ్ళు దాన్ని పోగుచేసి, మడిచి, సూది కిందికి పంపుతాయి. నా పదకొండు మడతల పుట్టుక అదీ.

చేత్తో బొంత కుట్టే ఆడవాళ్ళకు ఈ బాధ లేదు. నేల మీద పరిచి, కాలితో ఒక అంచు తొక్కిపెట్టి, సూదిని పైకీ కిందికీ గుచ్చుకుంటూ పోతారు. లాగే పళ్ళూ లేవు, ఆపే పాదమూ లేదు. పొరలు ఉన్నచోటే ఉంటాయి. ఉత్తర కర్ణాటక అడవుల్లో ఉండే సిద్దీల బొంత, కవండి, చూడండి. ఒక మూలన మొదలుపెట్టి అంచుల వెంట చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు, నడిమధ్య ముగిస్తారు. చేతికుట్టులో అది చక్కగా కుదురుతుంది. మిషను మీద అదే చేశారా, చుట్టూ ఉన్న వదులంతా మధ్యకు తోసుకొచ్చి చివరికి గిన్నె బోర్లించినట్టు ఒక బుడిపె మిగులుతుంది. మిషనుకు లెక్క తిరగబడుతుంది. మధ్యలో మొదలుపెట్టి బయటికి పోవాలి. తోసుకుపోయిన వదులు అంచుల్లోంచి బయటికి వెళ్ళిపోతుంది, కత్తిరించి పారేయవచ్చు. అందుకే వెనక గుడ్డను నాలుగువైపులా రెండేసి అంగుళాలు పెద్దదిగా ఉంచుకుంటారు.

అంతకన్నా ముఖ్యమైనది కుట్టేముందు పొరలను బంధించడం. దర్జీలు కచ్చా కుట్లంటారు. పిన్నీసులతోనూ చేయవచ్చు. అసలు పని ఇక్కడే ఉంది, అందరూ తప్పించుకోవాలని చూసేదీ ఇదే. వెనక గుడ్డను తిరగేసి నేల మీద పరిచి, మూలలను అంటుకునే టేపుతో నేలకు బిగించాలి. సాగదీయకూడదు, వదలకూడదు; తబలా మీద తోలంత బిగువు అక్కర్లేదు, ఇస్త్రీ చేసిన దుప్పటంత చాలు. మీద మిగతా పొరలు ఒక్కొక్కటిగా, మధ్య నుంచి అంచులకు అరచేత్తో నిమురుతూ పరచాలి. తరువాత మధ్య నుంచే మొదలుపెట్టి బెత్తెడుకొక పిన్నీసు. అవును, బెత్తెడుకొకటి. ఒంటి మంచపు బొంతకు రెండు వందలు దాటతాయి. నడుము పట్టేస్తుంది. నేను మొదటి బొంతకు నలభై పెట్టి, చాలనుకున్నాను.

పిన్నీసులు పళ్ళ పని మాన్పించలేవు గానీ వదులును చిన్న చిన్న గదుల్లో బంధిస్తాయి. అంగుళం తేడా ఆరడుగుల చివర ఒక్కచోట పోగుపడే బదులు, బెత్తెడుకు ఇంతని పంచుకుని కుట్టులో ఇమిడిపోతుంది. మరి పళ్ళనే కట్టడి చేయలేమా అంటే, దానికి వాకింగ్ ఫుట్ అనే పాదం ఉంది. దాని అడుగున కూడా పళ్ళుంటాయి. సూది బిగించే మరకు తగిలించిన ఒక చేయి సూదితోపాటు పైకీ కిందికీ ఆడుతూ, కింది పళ్ళతో సమంగా పై పళ్ళనూ నడిపిస్తుంది. దొరికితే, మీ మిషనుకు పడితే కొనండి. అది లేకపోతే బొంత కుట్టలేమని మాత్రం అనుకోవద్దు. ఇళ్ళలో ఉన్న నల్ల మిషనుకు తలమీద, పాదం పట్టుకున్న కడ్డీ పైన, ఒక గుండ్రటి మర ఉంటుంది. దాన్ని రెండు మూడు చుట్లు సడలిస్తే పాదం అదుముడు తగ్గుతుంది. పై పొర అంతగా ఆగదు. పైసా ఖర్చు లేదు. ఆ మర ఎందుకుందో ఇరవై ఏళ్ళుగా మిషను తొక్కుతున్నవాళ్ళలో కూడా చాలామందికి తెలియదు.

గీతలన్నీ ఒకే దిక్కున కుట్టమని కూడా చెబుతాను. ఒక గీత పైనుంచి కిందికి, పక్కది కిందినుంచి పైకి కుడితే రెండు లాగుళ్ళు ఎదురెదురై మధ్యలో ఏటవాలు ముడతలు వస్తాయి. దిక్కు మార్చి కుట్టమనేవాళ్ళూ ఉన్నారు. నా బొంతలు వాళ్ళ మాట ఒప్పుకోలేదు.

మడతల తరువాత కొత్తవాళ్ళను ఏడిపించేది దారం. కుడుతూ కుడుతూ ఉండగా మిషను గట్టిగా మూలిగి ఆగిపోతుంది. తిరగేస్తే గుడ్డ కింద పిచ్చుక గూడు. కింద కనిపించింది కాబట్టి తప్పు కింద ఉన్న బాబిన్‌దే, అంటే కిందిదారం చుట్టిన చిన్న కండెదే, అనుకుని, స్క్రూడ్రైవరు తీసుకుని బాబిన్ కేసు మీద ఉన్న చిన్న మరను తిప్పడం మొదలుపెడతారు. దయచేసి తిప్పకండి. కింద గూడు కట్టిందంటే నూటికి తొంభైసార్లు తప్పు పైదారానిది.

ఎందుకో తెలియాలంటే కుట్టు ఎలా పడుతుందో చూడాలి. సూది బొంతలోంచి కిందికి దిగుతుంది, అట్టడుగుకు వెళ్ళి కాస్త, రెండు మిల్లీమీటర్లంత, పైకి లేస్తుంది. సూదికి ఒకవైపు పొడుగాటి గాడి ఉంది, అటువైపు దారం ఆ గాడిలో దాగి సాఫీగా జారుతుంది. రెండోవైపు దారాన్ని గుడ్డ పట్టుకుని రానివ్వదు. అందుకే సూది లేవగానే ఆ వైపు దారం చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. సరిగ్గా ఆ క్షణానికి షటిల్ కొక్కెం వచ్చి ఉచ్చులో ముక్కు దూర్చి, దాన్ని వెడల్పు చేసి, బాబిన్ మొత్తం చుట్టూ తిప్పి వదులుతుంది. పైన ఉన్న దారం లాగే మీట ఆ ఉచ్చును పైకి గుంజి బిగిస్తుంది. రెండు దారాలూ మెలిపడే చోటు గుడ్డ మందంలో నడుమ ఉండాలి. ఒక్కొక్క కుట్టుకూ ఇంత తతంగం జరుగుతుంది. బాబిన్ చుట్టూ తిరిగిరావడానికి ఎంతో పొడవు దారం కిందికి వెళ్ళి, మళ్ళీ పైకి రావాలి. పైకి లాగే బిగువు లేకపోతే ఆ దారమంతా కిందే ఉండిపోతుంది. అదే పిచ్చుక గూడు.

బిగువు ఎందుకు లేదు? పైదారం టెన్షన్ బిళ్ళల మధ్యలోంచి పోతుంది. పాదం పైకెత్తినప్పుడు ఆ బిళ్ళలు విచ్చుకుంటాయి, దించినప్పుడు మూసుకుంటాయి. పాదం దించి ఉంచి దారం ఎక్కిస్తే అది బిళ్ళల మధ్యకు దిగదు, అంచున వేలాడుతుంది. లేదా మీట కన్నంలోంచి దారం తప్పిపోయి ఉంటుంది. కాబట్టి వైద్యం ఇదొక్కటే: దారం మొత్తం తీసేయండి, పాదం ఎత్తండి, మొదటినుంచి ఎక్కించండి. రీలులోంచి వచ్చిన అదే దారం కుట్టులో కుదురుకునేలోపు సూది కన్నంలో పదుల సార్లు ముందుకూ వెనక్కూ రాసుకుంటుందని గుర్తుంటే, అమ్మమ్మ పెట్టెలో దొరికిన పాత రీలు ఎందుకు పీచులు లేచి తెగిపోతోందో కూడా అర్థమవుతుంది.

నేర్చుకునే రోజుల్లో పైన ఎర్రదారం, కింద నీలిదారం వేసుకోండి. పైన నీలిచుక్కలు కనిపిస్తే పైదారం మరీ బిగువు, కింద ఎర్ర ఉచ్చులు కనిపిస్తే మరీ వదులు. మిషను తన తప్పు తానే రంగుల్లో చెబుతుంది. ఈ విషయంలో బొంత కొత్తవాళ్ళ మీద దయ చూపిస్తుంది. వాయిల్ జాకెట్‌లో మెలి దాక్కోవడానికి చోటు వెంట్రుకంతే. బొంతలో రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉంటుంది, మెలి కాస్త పైకో కిందికో జరిగినా లోపలే ఉండిపోతుంది.

తప్పిపోయే కుట్ల గుట్టు కూడా ఆ ఉచ్చులోనే ఉంది. సూది లేచేటప్పుడు గుడ్డ కూడా దానికి అంటుకుని పైకి లేస్తే ఉచ్చు ఉబ్బదు, కొక్కెం ఖాళీగా తిరిగిపోతుంది. మెత్తటి పొరలు ఎక్కువైనా, సూది మొద్దుబారినా, సన్నదైనా ఇదే జరుగుతుంది. సూది నంబరు అంటే దాని మందమే. 90 అంటే 0.9 మిల్లీమీటరు, దాన్నే 14 అని కూడా రాస్తారు. జాకెట్లకు అంతకన్నా సన్నది వాడతాం. చీరల బొంతకు 14 గానీ 16 గానీ, పొరలు అయిదారు దాటితే 18. గంతకు తగ్గ బొంత అన్నారు, బొంతకు తగ్గ సూది కూడా ఉండాలి. ఒక బొంతకు ఒక కొత్త సూది అని పెట్టుకుంటే సగం గొడవ తప్పుతుంది. సూదిని వెనకవైపు ముందుకు తిప్పి బిగించినా కుట్టు పడదు. దారం పొడుగాటి గాడి ఉన్న వైపు నుంచే కన్నంలోకి పోవాలి.

విరిగే సూదులకు మాత్రం కారణం సాధారణంగా బరువు. బొంత బల్ల మీంచి కిందికి జారి వేలాడుతుంటే ఆ బరువు గుడ్డను లాగుతుంది. గుడ్డలో ఉన్న సూది వంగుతుంది. వంగిన సూది పలక కన్నంలో దిగకుండా ఇనుము మీద పడుతుంది. మనమే చేత్తో గుడ్డను వెనక్కి లాగినా అంతే. నడపడం పళ్ళ పని, దారి చూపించడం మన పని. మిషను ఎడమపక్కన ఇంకో బల్ల వేయండి, ఒళ్ళో కాస్త బొంతను పోగుచేసుకోండి, సూది దగ్గర గుడ్డ వదులుగా, బరువు లేకుండా ఉండాలి. ఇంటి మిషను సూదికీ కుడివైపు స్తంభానికీ మధ్య జానెడు చోటు కూడా ఉండదు. అయిదడుగుల వెడల్పు బొంతకు నడిమధ్య గీత వేస్తే అందులో రెండున్నర అడుగులు ఆ సందులో చాపలా చుట్టి దూర్చాలి. అదే గరిష్ఠం, తరువాత ప్రతి గీతకూ చుట్ట సన్నబడుతుంది. మధ్యలో మొదలుపెట్టమనడానికి ఇది రెండో కారణం. మొదటి గీత అన్నిటికన్నా కష్టమైనది, అది అయ్యేదాకా ఓర్చుకోవాలి.

ముక్కలు అతికి పై గుడ్డ చేయాలనుకునేవాళ్ళు ఇంకొక లెక్క నేర్చుకోవాలి. ఏ కూటమి సర్కారు ఏర్పడినా పత్రికలు అతుకుల బొంత అని వెక్కిరిస్తాయి గానీ, అతుకులు సరిగ్గా కలిపిన బొంత కన్నా క్రమశిక్షణ ఉన్న వస్తువు ఇంట్లో ఇంకొకటి ఉండదు. ముక్కలను పావు అంగుళం అంచు వదిలి కలుపుతారు. అయిదు అంగుళాల చదరపు ముక్క కుట్టాక నాలుగున్నర అవుతుంది. వరుసకు పది ముక్కలైతే తొమ్మిది అతుకులు. ప్రతి అతుకులోనూ ఒక్క మిల్లీమీటరు ఎక్కువ అంచు పోయిందనుకోండి. రెండు ముక్కల నుంచీ పోతుంది కాబట్టి అతుకుకు రెండు, వరుసకు 18 మిల్లీమీటర్లు. పక్క వరుస సరిగ్గా కుట్టి ఉంటే రెండిటి మూలలూ కలవవు, ముప్పావు అంగుళం దాకా తేడా. అందుకని పలక మీద, సూదినుంచి సరిగ్గా పావు అంగుళం కుడివైపున, ఒక కాగితపు టేపు అంటించి, గుడ్డ అంచును దాని వెంట నడపాలి. కళ్ళు సూది మీద కాదు, టేపు మీద ఉండాలి. సూదిని చూస్తూ కుట్టేవాళ్ళ గీత వంకరపోతుంది.

ముక్కలు కలపడానికి కుట్టు పొడవు రెండు, రెండున్నర మిల్లీమీటర్లు చాలు. పొరలను కుట్టేటప్పుడు మాత్రం మూడు, నాలుగుకు పెంచండి. పాత చీర పోగులు అరిగిపోయి ఉంటాయి. దగ్గర దగ్గరగా సూది పోట్లు వేస్తే తపాలా బిళ్ళల కాగితంలా ఆ గీత వెంటే చిరుగుతుంది. చేతికుట్టు మెత్తదనం మిషను కుట్టుకు రాదని పెద్దవాళ్ళు అంటే అందులో నిజముంది. చేతికుట్టులో ఒక్క దారం ఉంటుంది, అదీ వదులుగా. మిషను కుట్టులో రెండు దారాలు గుడ్డను రెండువైపులా బిగించి పట్టుకుంటాయి. అంగుళానికొక గీత వేశారంటే బొంత కాస్తా అట్ట అవుతుంది. గీతకూ గీతకూ మధ్య బెత్తెడు వదిలితే చీరలతో కుట్టిన బొంతకు సరిపోతుంది.

నూనె గురించి ఒక్క మాట. కొబ్బరినూనె పోయకండి. చలికాలం గడ్డకట్టే నూనె ఇనుము కీళ్ళలో ఏం చేస్తుందో ఊహించండి. మిషను నూనె వేరే దొరుకుతుంది. పాత చీరల పీచు పళ్ళ కింద పోగుపడి దూది ఉండలా తయారవుతుంది, పలక విప్పి పాత టూత్‌బ్రష్‌తో దులిపేయాలి.

మొదలుపెట్టేవాళ్ళు ఆరడుగుల బొంత జోలికి వెళ్ళకుండా మూరెడు చదరం ముక్క తీసుకోండి. అంతకుముందు దారం లేకుండా గీతల నోటుపుస్తకం కాగితం మీద రెండు రోజులు తొక్కండి. పోట్లు గీత మీద పడేదాకా, చక్రం వెనక్కి తిరగకుండా మొదలుపెట్టడం కాలికి వచ్చేదాకా. కాగితం సూదిని మొద్దుబారుస్తుంది కాబట్టి తరువాత ఆ సూదిని గుడ్డకు వాడవద్దు. ఆపైన మూడు పొరల ముక్క మీద సుద్దతో గీతలు గీసి, పిన్నీసులు పెట్టి, మధ్య నుంచి కుట్టండి. రెండో ముక్కను పిన్నీసులు లేకుండా కావాలనే కుట్టండి. రెంటినీ తిరగేసి పక్కపక్కన పెడితే ఇంత వ్యాసం అక్కర్లేదు.

మడత పడ్డా విప్పుకోవచ్చు. వెనకవైపు, మడతకు అటు బెత్తెడు, ఇటు బెత్తెడు దాకా నాలుగు కుట్లకొకటి చొప్పున దారం తెంపి, బొంతను తిప్పి పైదారం పట్టుకుని లాగితే పొడుగ్గా ఊడివస్తుంది. వెనక ముక్కలు దులిపేసి, గుడ్డ నిమిరి, చుట్టూ పిన్నీసులు పెట్టి మళ్ళీ కుట్టాలి. నా పదకొండింటిలో తొమ్మిది అలా విప్పాను. మిగతా రెండూ కాళ్ళవైపు వస్తాయి, వదిలేశాను.